గంట తర్వాత మళ్లీ అడిగారా? క్యాన్సర్ నొప్పి, నర్సు, కంప్యూటర్

(హైదరాబాద్‌లో స్టాఫ్ నర్సులు, నర్సింగ్ విద్యార్థులు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ తయారుచేసే కొందరు ఇంజినీర్ల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నైట్ డ్యూటీ దిగి ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా ఇక్కడికి వచ్చిన సిస్టర్లు కొందరు కనిపిస్తున్నారు, మీకు ముందుగా థ్యాంక్స్. వెనక సాఫ్ట్‌వేర్ వాళ్లున్నారని చెప్పారు. మీరు కూడా ముందుకొచ్చి కూర్చోండి, ఎందుకంటే ఇవాళ చెప్పేదాంట్లో సగం మీకోసమే.

చెప్పాలనుకున్న అసలు మాట ముందే చెప్పేస్తాను. క్యాన్సర్ నొప్పి విషయంలో కంప్యూటర్ మనకు చేయగలిగే పెద్ద మేలు నొప్పిని కొలవడం కాదు. మందిచ్చిన గంటకి మళ్లీ వెళ్లి, "ఇప్పుడెలా ఉంది?" అని అడిగేలా చూడటం. మొదటిసారి అందరం అడుగుతాం, అడ్మిషన్ రోజు అడుగుతాం, రౌండ్స్‌కి ముందు అడుగుతాం. రెండోసారి అడగడం దగ్గరే అంతా జారిపోతోంది. అది మనకు మనసు లేక కాదు. ఈలోపు ఇంకో బెడ్ దగ్గర ఐవీ లైన్ ఆగిపోతుంది, ఇంకెవరికో రక్తం ఎక్కించాలి, కొత్త అడ్మిషన్ వస్తుంది, బ్లడ్ బ్యాంక్ నుంచి ఫోన్ వస్తుంది. ఇన్ని పనుల మధ్య మర్చిపోకుండా గుర్తుపెట్టుకునే పనిని మనిషి మీద వేయకూడదు, మెషీన్ మీద వేయాలి.

నొప్పి ఎంతమందికి ఉంటుందో ఒక్క మాటలో చెప్తాను. ప్రపంచమంతా జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2016లో వచ్చింది. ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్లలో 66 శాతం మందికి, చికిత్స నడుస్తున్నవాళ్లలో 55 శాతం మందికి నొప్పి ఉంటుందని అది తేల్చింది. అంటే మన వార్డులో ఏ వరసలో నిలబడి చూసినా సగానికి పైగా మంచాల మీద నొప్పి ఉందనే అనుకోవాలి. దీనికి ఏం చేయాలో తెలియక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే మూడు మెట్ల పద్ధతి చెప్పింది. చిన్న నొప్పికి పారాసిటమాల్, డైక్లోఫెనాక్ లాంటివి, మధ్యరకానికి ట్రమడాల్ లాంటివి, తట్టుకోలేని నొప్పికి మార్ఫిన్. 2018లో దాన్ని సవరించి, మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కాల్సిన పనిలేదు, నొప్పి తీవ్రతను బట్టి మొదలుపెట్టండి అన్నారు. మరి మార్ఫిన్ ఎక్కడిది అంటే, దానికి మూలమైన నల్లమందు పంట మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సు మీద మన రైతులే పండిస్తారు. అయినా మన దేశంలో అవసరమైన దాంట్లో 4 శాతమే రోగుల దాకా చేరుతోందని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్కగట్టింది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల నియంత్రణ చట్టం, దాని భయం అంత పనిచేసింది. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు దారి సులువు చేశారు గానీ భయం మాత్రం ఇంకా పోలేదు. మార్ఫిన్ అనగానే "అలవాటు పడిపోతారు సిస్టర్" అనే ఇంటివాళ్లు మీకందరికీ తెలుసు. ఆ మాట అనే డాక్టర్లు కూడా తెలుసు.

సరే, మందు ఉంది, పద్ధతి ఉంది. వార్డులో ఏం జరుగుతుందో చూద్దాం.

నారాయణపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. రాత్రి రౌండ్‌లో సిస్టర్ వెళ్లి, "నొప్పి ఎట్లుంది పెద్దమ్మా?" అనడిగింది. "ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్న" అంది ఆమె. మాట అదే, కానీ మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకుంది, ఒక చెయ్యి మంచం చువ్వను వదలట్లేదు, సాయంత్రం ఇచ్చిన ఇడ్లీ అలాగే ఉంది. సిస్టర్ కేస్‌షీట్ మూసి మంచం మీద కూర్చుంది. "రూపాయిల ఎంతుంటది పెద్దమ్మా? చారాణానా, ఆఠాణానా?" ఈసారి వెంటనే జవాబొచ్చింది. "బారాణా ఉంటది బిడ్డా. నిన్న రాత్రయితే రూపాయికి రూపాయి." మరి ఇందాక ఏం లేదన్నావేంటి అంటే, "నువ్వొక్కదానివే ఇంతమందిని అర్సుకుంటున్నవ్, నిన్నెందుకు సతాయించాలె" అంది.

సాఫ్ట్‌వేర్ మిత్రులు ఈ ఒక్క సంభాషణను బాగా గుర్తుపెట్టుకోవాలి. చారాణా అంటే రూపాయిలో పావు, ఆఠాణా సగం, బారాణా ముప్పావు. సున్నా నుంచి పది దాకా గీత గీసి స్క్రీన్ మీద పెట్టి, వేలితో జరపండి అంటే ఆ పెద్దమ్మ జరపదు. చదువు రాక మాత్రమే కాదు, అలా నొప్పికి నంబరు పెట్టి ఆలోచించే అలవాటే ఆమెకు లేదు. కానీ బారాణా తగ్గింది, చారాణా మిగిలింది అని మన దగ్గర జ్వరం గురించీ చెప్తారు, అప్పు గురించీ చెప్తారు. టాబ్లెట్ కంప్యూటర్‌లో ఆ నాలుగు భాగాలు పెద్దపెద్ద గుండ్రాలుగా పెట్టండి, నొక్కగానే తెలుగులో, ఉర్దూలో గొంతు వినిపించేలా చేయండి. లోపల మీ లెక్కకు అది 1 నుంచి 3 చిన్న నొప్పా, 4 నుంచి 6 మధ్యరకమా, 7, ఆ పైన తీవ్రమా అనే పద్ధతిలోకి ఎలా మార్చాలో మన నర్సులతో, డాక్టర్లతో కూర్చుని పరీక్షించి తేల్చండి. ఊరికే మీకు తోచినట్టు కలిపేయకండి. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా బొమ్మలుండే వాంగ్-బేకర్ స్కేల్ కూడా ఉంది, అది మొదట పిల్లల కోసం తయారైంది, పెద్దవాళ్లకీ పనికొస్తుంది. కాకపోతే నేను చూసినంతలో మన పెద్దవాళ్లు కొందరు "ఏడ్చే ముఖం చూపిస్తే బాగుండదు" అని మధ్యలో బొమ్మ మీద వేలు పెడతారు. అందుకే దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఎంతుంది అనేది ఒక్క ప్రశ్న. ఎక్కడుంది, ఎలా ఉంది అనేవి ఇంకా ముఖ్యం. 1975లో రోనాల్డ్ మెల్జాక్ తయారుచేసిన మెక్‌గిల్ ప్రశ్నావళి ఉంది కదా, నొప్పి స్వభావాన్ని మాటల్లో పట్టుకునేది. దాన్ని డయానా విల్కీ అనే నర్సు పరిశోధకురాలు టచ్ స్క్రీన్ మీదకు తెచ్చారు. రోగి స్క్రీన్ మీద మనిషి బొమ్మపై నొప్పి ఉన్నచోట గీస్తారు, తర్వాత మాటలు ఎంచుకుంటారు. నర్సు చేసిన పని ఇది, అందుకే పేరు చెప్తున్నాను. మనం చేయాలంటే మాటలు మన ఊళ్లవి కావాలి. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు అని ఎవరైనా నొక్కారంటే అది నరాల నొప్పి కావచ్చు. విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్ లాంటి కీమో మందులు తీసుకున్నవాళ్లకు పాదాల్లో, అరచేతుల్లో ఇది వస్తుంది. మార్ఫిన్ ఒక్కటే పెంచుకుంటూ పోతే ఇది సరిగ్గా లొంగదు, అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి కలపాల్సి వస్తుంది. ఇది డాక్టర్ చూడాల్సిన కేసు అని స్క్రీన్ మీద ఒక గుర్తు పడితే చాలు, రౌండ్స్‌లో ఆ మాట పోకుండా ఉంటుంది. ఇప్పుడేమవుతోంది? పేషెంట్ సిస్టర్‌కి చెప్తారు, సిస్టర్ తర్వాతి షిఫ్ట్ సిస్టర్‌కి చెప్తారు, చివరికి కేస్‌షీట్‌లో మిగిలేది "నొప్పి ఉంది" అన్న రెండు మాటలే.

ఇంక అసలు విషయానికి వస్తాను, గంట తర్వాత ప్రశ్నకి.

నోటి ద్వారా ఇచ్చిన మార్ఫిన్ అరగంటలో పనిచేయడం మొదలై, గంటకి గట్టిగా పనిచేస్తుంది, నాలుగు గంటల దాకా ఉంటుంది. నరంలోకి ఇస్తే పావుగంటలోనే తెలిసిపోతుంది. కాబట్టి మింగించిన గంటకి, ఐవీ ఇచ్చిన పదిహేను నిమిషాలకి మనం మళ్లీ అడగాలి. అడిగితే మూడింటిలో ఒకటి తెలుస్తుంది. నొప్పి తగ్గిందా, సరిపోలేదా, లేక మగత ఎక్కువైందా. ఈ మూడింటిలో ప్రతిదానికీ చేయాల్సిన పని వేరు. అడగకపోతే ఏదీ తెలియదు, తర్వాతి డోసు కూడా గుడ్డిగా అదే ఇస్తాం. రోగి మాత్రం రాత్రంతా "మందిచ్చారు కదా, ఇంతకన్నా ఏం చేస్తారు" అనుకుని పడుకుంటారు.

కంప్యూటర్ ఇక్కడ చేయాల్సింది చాలా చిన్న పని. మందిచ్చినట్టు నర్సు నమోదు చేసిన క్షణం నుంచి టైమర్ మొదలవ్వాలి. సమయం కాగానే ఆ నర్సు ఫోన్‌లోనో వార్డు టాబ్లెట్‌లోనో బెడ్ నంబరుతో గుర్తుచేయాలి. జవాబు ఎక్కించేదాకా ఆ లైను ఎర్రగానే ఉండాలి, షిఫ్ట్ మారితే తర్వాత వచ్చిన సిస్టర్‌కి అది అలాగే కనిపించాలి. అంతే. దీనికి కోట్ల రూపాయల ప్యాకేజీ అక్కర్లేదు. చారాణా కోడికి బారాణా మసాలా అంటారు కదా మన హైదరాబాద్‌లో, ఇరవై మెనూలు, ముప్పై కాలమ్‌లు పెట్టి ఈ ఒక్క టైమర్ పెట్టని సిస్టమ్‌లు నేను చూశాను. పేరు చెప్పను గానీ ఒక ఆసుపత్రిలో నొప్పి కాలమ్ కొట్టకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు, పైగా "నిన్నటి విలువే కాపీ చేయి" అని ఒక బటన్ ఇచ్చారు. షిఫ్ట్ చివర పది నిమిషాల్లో అందరికీ ఆ బటన్ నొక్కేసి వెళ్లిపోతారు, ఇంకేం చేస్తారు? వరసగా అన్ని రోజులూ 2, 2, 2 అని కనిపిస్తుంది. పేపర్ మీదైనా అంత తప్పు లెక్క ఉండేది కాదు, ఎందుకంటే చేత్తో రాసేటప్పుడు ఒక్క క్షణమైనా ఆ మనిషి గుర్తొస్తుంది. నొప్పి కాలమ్‌కి మాత్రం కాపీ బటన్ పెట్టకండి అని ఇంజినీర్లను చేతులెత్తి అడుగుతున్నాను.

ఇదంతా నా అభిప్రాయం మాత్రమే కాదు. రెండు ఉదాహరణలు చెప్తాను. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో ఈతన్ బాష్ బృందం 766 మంది రోగులతో ఒక ట్రయల్ చేసింది. కొందరికి మామూలు వైద్యం, కొందరు మాత్రం నొప్పి సహా 12 లక్షణాలను కంప్యూటర్‌లో తామే నమోదు చేస్తారు, ఏదైనా బాగా ముదిరితే నర్సుకు మెయిల్ వెళ్తుంది. అలా నమోదు చేసినవాళ్లు ఎమర్జెన్సీకి రావడం తగ్గింది. 2017లో వచ్చిన ఫలితం చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. మామూలు వైద్యం అందినవాళ్లలో మధ్యస్థ జీవితకాలం, అంటే సగంమంది కనీసం బతికిన కాలం, 26 నెలలైతే, ఇలా నమోదు చేసినవాళ్లలో 31.2 నెలలు. అది కొత్త మందేం కాదు, బాధ చెప్పుకోవడానికి ఒక దారి, విని కదిలే నర్సు, అంతే తేడా. ఆ అలర్టుల్లో 77 శాతం వాటికి నర్సులు ఏదో ఒక పని చేశారు. ఫోన్ చేసి సలహా ఇచ్చారు, మందు మార్పించారు, డాక్టర్‌కి చూపించారు.

రెండోది ఇంకా నేర్చుకోవాల్సింది. యూటాలో కాథి మూనీ, ఆమె కూడా నర్సే, కీమో తీసుకుంటూ ఇంట్లో ఉన్నవాళ్లకు కంప్యూటర్ రోజూ ఫోన్ చేసి లక్షణాలు అడిగే ఏర్పాటు పెట్టారు. 2014లో వచ్చిన అధ్యయనంలో, బాధ ఎక్కువైతే ఆ సమాచారం చికిత్స చేస్తున్న డాక్టర్లకు, నర్సులకు వెళ్లేది. ఫలితం ఏమీ లేదు. ఎందుకంటే సమాచారం అందినా రోగికి ఫోన్ చేసినవాళ్లు చాలా తక్కువ. 2017లో వచ్చిన అధ్యయనంలో, ఆ అలర్టు చూసి రోగికి ఫోన్ చేసి, ఏం చేయాలో మార్గదర్శకాలు చూసుకుని మందులు సర్దే నర్సు ప్రాక్టీషనర్లను పెట్టారు, రోగులకు కూడా ఫోన్‌లోనే సలహాలు వినిపించారు. లక్షణాలు బాగా తగ్గాయి. ఫోన్ పద్ధతి రెండింట్లోనూ అదే. అవతలి వైపు పనిచేయడానికి బాధ్యత, అధికారం రెండూ ఉన్న నర్సు ఉన్నారా లేదా అన్నదే తేడా. కాబట్టి మన ఆసుపత్రి యాజమాన్యాలు టాబ్లెట్లు కొని ఫొటోలు దిగే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. స్క్రీన్ మీద ఎర్రగా 8 కనిపించినప్పుడు, డాక్టర్ అందుబాటులో లేనప్పుడు, ముందే రాసిపెట్టిన అదనపు డోసు ఇచ్చే అనుమతి మన సిస్టర్‌కి ఉందా? అది లేకుండా అలర్టులు మోగితే ఏం లాభం? నొప్పి చూస్తూ నిలబడాల్సి రావడం నర్సుకు ఎంత నరకమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు డోసు లెక్క ఒకటి చూద్దాం, దీన్ని కొంచెం నిదానంగా చెప్తాను.

ఒకాయనకు మార్ఫిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర నాలుగు గంటలకోసారి. రోజుకి ఆరు, అంటే 60. నిన్న నొప్పి ఆగక మధ్యలో మూడు అదనపు మాత్రలు ఇచ్చారు, ఇంకో 30. మొత్తం 90. అంటే ఆయనకు నిజంగా పట్టింది 90. దాన్ని ఆరుతో భాగిస్తే డోసు 15, అంటే ఒకటిన్నర మాత్ర. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే ఇచ్చే అదనపు డోసు రోజు మొత్తంలో ఆరో వంతు, అది కూడా 15 అవుతుంది. పాతదే 10 అని వదిలేస్తే సరిపోదు. రేపు ఆయన మింగలేకపోతే, చర్మం కిందకో నరంలోకో మార్చాలంటే నోటి డోసులో మూడో వంతు, రోజుకి 30. ఇదేం పెద్ద లెక్క కాదు. కానీ తెల్లవారుజామున మూడింటికి, నిద్ర లేక, పక్కన ఫోన్ మోగుతుంటే, ఈ మూడో వంతు మర్చిపోతే ఏమవుతుందో ఆలోచించండి. 90 నోటి డోసును 90 ఇంజెక్షన్‌గా రాసేస్తే అది మూడింతల డోసు. ఈ లెక్క కంప్యూటర్ చేసి చూపించాలి, నర్సు సరిచూడాలి, డాక్టర్ సంతకం పెట్టాలి. కిడ్నీ రిపోర్ట్‌లో క్రియాటినిన్ ఎక్కువుంటే మార్ఫిన్ అవశేషాలు ఒంట్లో పేరుకుంటాయి కాబట్టి అక్కడ పసుపు గుర్తు రావాలి. ల్యాబ్ రిపోర్ట్ అదే సిస్టమ్‌లో ఉంటుంది, మందుల చార్ట్ అదే సిస్టమ్‌లో ఉంటుంది, కానీ చాలాచోట్ల ఆ రెండింటికీ సంబంధం ఉండదు. ఇదొక్కటి కలిపితే ఎన్ని ప్రమాదాలు తప్పుతాయో.

ఇందులోనే ఇంకో చిన్న విషయం ఉంది, వార్డులో పనిచేసినవాళ్లకే తెలిసేది. మార్ఫిన్ పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని ఇస్తాం. రాత్రి 2 గంటల డోసు కోసం మనిషిని లేపకుండా 10 గంటలకే రెట్టింపు ఇచ్చేస్తాం, పాలియేటివ్ కేర్‌లో, అంటే బాధ తగ్గించే వైద్యంలో, ఇది మామూలు పద్ధతే. ఇది తెలియని ప్రోగ్రామ్ ఏం చేస్తుంది? 10 గంటలకు "డోసు ఎక్కువైంది" అని ఒక అలారం, రాత్రి 2 గంటలకు "డోసు తప్పింది" అని ఇంకో అలారం. రెండూ తప్పే. వారం తిరిగేసరికి సిస్టర్లు ఆ అలారం సౌండ్ ఆపేస్తారు, ఆ తర్వాత నిజమైన అలారం మోగినా ఎవరికీ వినపడదు. ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఒక్క రాత్రి వార్డులో కూర్చుంటే ఈ సంగతి వాళ్లకే తెలుస్తుంది. మీరు రండి, మా పక్కన కుర్చీ వేస్తాం.

ఏ అలారం తప్పకుండా మోగాలంటే, మగతది. శ్వాస తగ్గిపోయే ముందు మనిషి మగతగా అవుతాడు. పిలిస్తే కళ్లు తెరిచి మాట్లాడుతూనే మధ్యలో నిద్రలోకి జారిపోతుంటే, అక్కడే ఆగాలి. తర్వాతి డోసు ఇవ్వకుండా శ్వాస లెక్కపెట్టి డాక్టర్‌ని పిలవాలి. కాబట్టి గంట తర్వాత తెరిచే ఆ స్క్రీన్‌లో నొప్పి ఎంత అన్న ప్రశ్న పక్కనే మగత ఎంత అన్న ప్రశ్న కూడా ఉండాలి. అమెరికాలో 1990ల్లో నొప్పిని ఐదో వైటల్ సైన్, అంటే ఎప్పుడూ చూడాల్సిన ప్రాణ లక్షణం అన్నారు, బీపీ, పల్స్‌తో పాటు నంబరు రాయించారు. ఉద్దేశం మంచిదే, కానీ నంబరు తగ్గించడమే లక్ష్యంగా చూసేసరికి ఓపియాయిడ్ మాత్రలు, అంటే మార్ఫిన్ జాతి మందులు, అవసరం లేనివాళ్లకి కూడా వెళ్లాయని తర్వాత విమర్శలొచ్చి, చాలాచోట్ల ఆ మాట వదిలేశారు. మన దగ్గర పరిస్థితి దానికి తలకిందులు, అవసరమైనవాళ్లకే అందట్లేదు. అయినా నంబరు ఒక్కదాన్నే చూస్తే ఏమవుతుందో తెలిసుండటం మంచిది.

ఇంకోటి, అదే స్క్రీన్‌లో "మోషన్ అయి ఎన్ని రోజులైంది" అనే ప్రశ్న. నవ్వకండమ్మా, మార్ఫిన్ వాడేవాళ్లు మందు మానేయడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. మూడు రోజులు మోషన్ కాకపోతే పొట్ట ఉబ్బి, ఈ మందే వద్దు తల్లీ అంటారు. మార్ఫిన్ రాసిన చోట విరేచనం మాత్ర రాయకపోతే సిస్టమ్ అడగాలి.

ఇంటి సంగతికి వస్తాను. మన రోగుల్లో ఎక్కువమంది ఎక్కడివాళ్లు? రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ముందు పొద్దున్నే నిలబడితే తెలుస్తుంది, ఆదిలాబాద్ నుంచి, ఖమ్మం నుంచి, మహబూబ్‌నగర్ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లు కనిపిస్తారు. ఇక్కడ చివరి దశ రోగులను చూసుకునే స్పర్శ్ హాస్పిస్ ఉంది, జిల్లాల్లో ఆలన పేరుతో పాలియేటివ్ కేర్ సెంటర్లు, ఇళ్లకు వెళ్లే బండ్లు ఉన్నాయి. అయినా ఆ బండి వెళ్లే రెండు రోజుల మధ్యలో నొప్పి పెరిగితే ఎవరికి తెలియాలి? అక్కడ ఫోన్ పనికొస్తుంది. యాప్ కాదు, మామూలు ఫోన్ కాల్. గంట కొట్టి తెలుగులోనో ఉర్దూలోనో అడిగి, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే పద్ధతి బటన్ ఫోన్‌లో కూడా పనిచేస్తుంది.

కానీ ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో ముందు ఆలోచించండి. అమ్మ వనపర్తిలో ఉంటుంది, ఆసుపత్రిలో ఇచ్చిన నంబరు కూకట్‌పల్లిలో పనిచేసే కొడుకుది. కంప్యూటర్ ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్న ఆ అబ్బాయి "బాగానే ఉంది" అని నొక్కేస్తాడు. పాపం, నిన్న రాత్రి ఫోన్లో అమ్మ అదే చెప్పింది మరి. అందుకే డిశ్చార్జ్ రోజునే సిస్టర్ అడిగి రాసుకోవాలి. పగలు పేషెంట్ పక్కన ఎవరుంటారు, కోడలా, మనవరాలా, వాళ్ల నంబరేంటి, ఏ టైముకి చేస్తే పేషెంట్ చేతికే ఫోన్ ఇస్తారు. ఇంకో విషయం, మెసేజ్‌లో "మీ క్యాన్సర్ నొప్పి" అని రాయకండి. మన ఇళ్లల్లో చాలామంది రోగికి ఆ పేరు చెప్పి ఉండరు. చెప్పాలా వద్దా అన్నది వేరే చర్చ, నా అభిప్రాయంలో నెమ్మదిగా చెప్పడమే మంచిది, కానీ అది పక్కన ఒక మనిషి కూర్చుని చెప్పాల్సిన విషయం. పొద్దున ఆరింటికి వచ్చిన ఎస్సెమ్మెస్ చెప్పేది కాదు.

ఫోన్లో నొప్పి ఎక్కువని తెలిసినా ఫోన్లోనే మార్ఫిన్ రాసేయలేం. 2020లో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఎన్‌డీపీఎస్ చట్టం కిందికొచ్చే మందులు అలా రాయడానికి వీల్లేదు. కాబట్టి ఇంటికి పంపేటప్పుడే అదనపు డోసుకు సరిపడా మాత్రలు, ఎప్పుడు వేసుకోవాలో చీటీ ఇచ్చి పంపాలి. ఫోన్ చేసిన నర్సు "ఆ పచ్చ కవర్లో మాత్ర ఇప్పుడు వేయండి, గంటకి మళ్లీ చేస్తా" అని చెప్పగలగాలి. జిల్లాల్లో పనిచేసే సిస్టర్లకు ఇలాంటి కేసులు చర్చించుకోవడానికి ఎకో పద్ధతి బాగా పనికొస్తోంది. న్యూమెక్సికోలో సంజీవ్ అరోరా అనే డాక్టర్ 2003లో హెపటైటిస్ సి కోసం మొదలుపెట్టింది, వీడియోలో అందరూ కలిసి ఒక్కో కేసు చెప్పుకుని మాట్లాడుకుంటారు. హైదరాబాద్ నుంచి పాలియేటివ్ కేర్‌కి కూడా నడుస్తోంది. అవకాశం దొరికితే వదులుకోకండి.

కృత్రిమ మేధ గురించి అడుగుతారని తెలుసు, తొందరగా చెప్పేస్తాను. ముఖం చూసి నొప్పి గుర్తుపట్టే యాప్‌లు వచ్చాయి. ఆస్ట్రేలియాలో పెయిన్‌చెక్ అనేది మతిమరుపు వ్యాధితో మాట చెప్పలేని పెద్దవాళ్ల కోసం వాడుతున్నారు. మాట్లాడలేని రోగికి అలాంటిది తోడుంటే మంచిదే. కానీ నోరు తెరిచి నొప్పి అని చెప్పగలిగిన మనిషి విషయంలో, కెమెరా నొప్పి లేదంది కాబట్టి మందు ఇవ్వం అనే రోజు రాకూడదు. నొప్పి ఉందని రోగి ఎప్పుడు చెప్తే అప్పుడు ఉన్నట్టే, ఎంతని చెప్తే అంత అని 1968లోనే మార్గో మెకాఫరీ అనే అమెరికన్ నర్సు తేల్చి చెప్పారు. దాన్ని ఏ ప్రోగ్రామ్ కూడా కొట్టేయడానికి నేను ఒప్పుకోను.

ఆసుపత్రి నిర్వాహకులు ఎవరైనా ఇక్కడుంటే వాళ్లకో మాట. ఈ లెక్కలన్నీ నెలాఖరుకు ఒక గ్రాఫ్‌లో మీ ముందుకొస్తాయి. ఏ వార్డులో నొప్పి ఎక్కువ ఉందో చూసి అక్కడి సిస్టర్లకు మెమో ఇచ్చారనుకోండి, వచ్చే నెల ఆ వార్డులో అందరికీ నొప్పి 3 లోపే ఉంటుంది, కాగితం మీద. ఎక్కువ నంబర్లు రాస్తున్న వార్డంటే అక్కడ నిజంగా అడుగుతున్నారని అర్థం చేసుకోండి. మీరు చూడాల్సిన లెక్క ఒక్కటే. తీవ్రమైన నొప్పి అని నమోదైన తర్వాత మందు ఎంతసేపటికి అందింది, గంటకి మళ్లీ అడిగారా లేదా. ఆలస్యమైతే ఎక్కడైంది చూడండి. చాలాసార్లు ఆలస్యం నర్సు దగ్గర ఉండదు, మార్ఫిన్ అల్మారా తాళం ఎవరి దగ్గరుందో వెతకడంలో ఉంటుంది, రిజిస్టర్‌లో రెండో సంతకం కోసం మనిషి దొరక్కపోవడంలో ఉంటుంది. అది నర్సుకు మెమో ఇస్తే సరిపోయేది కాదు, మీరే సరిచేయాలి.

ఒక ప్రశ్న చీటీ వచ్చింది, చదువుతాను. "మేడమ్, మాది జిల్లా ఆసుపత్రి. వార్డులో కంప్యూటర్ లేదు, నెట్ సరిగా రాదు. మేమేం చేయాలి?"

మంచి ప్రశ్న. మీ నొప్పి చార్ట్‌లో ఇప్పుడు "నొప్పి" అని ఒక కాలమ్ ఉంటుంది కదా, దాని పక్కన ఇంకో రెండు గీయండి. "మందిచ్చిన టైము", "గంటకి ఎంత". మీ ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఒప్పుకుంటే వార్డుకి ఒక ఫోన్ పెట్టుకుని, మార్ఫిన్ ఇవ్వగానే దాంట్లో గంటకి అలారం పెట్టండి, అలారం పేరు చోట బెడ్ నంబరు మాత్రమే రాయండి, పేషెంట్ పేరు వద్దు. దానికి నెట్ అక్కర్లేదు. షిఫ్ట్ మారేటప్పుడు ఆ ఫోన్ చేతికిస్తూ, ఇంకా మోగాల్సిన అలారాలు ఏ బెడ్‌లవో చెప్పి వెళ్లండి. నెల తర్వాత ఆ చార్టులు తీసుకొచ్చి నాకు చూపించండి, పేర్లు కొట్టేసి. ఇక్కడున్న ఇంజినీర్లతో కూర్చుని మీ వార్డుకి ఏం కావాలో ఆ కాగితాలు ముందు పెట్టుకునే మాట్లాడదాం. ఇంకెవరికైనా ప్రశ్నలుంటే మైక్ అటు పంపండి.